చూడకుండా గీసిన మూడు బొమ్మలు

నస్రీన్ వస్తున్నానని ముందురోజే ఫోను చేసి చెప్పింది. అయినా తలుపు చప్పుడు కాగానే ఎవరో దారి తప్పి మా గడప తొక్కారనుకున్నాను. ఉద్యోగంలోంచి దిగిపోయాక కర్నూల్లో నా తలుపు తట్టేవాళ్ళు బాగా తగ్గిపోయారు. గ్యాసు బండ తెచ్చే మనిషి, నీళ్ళ క్యాను తెచ్చే మనిషి, ఆదివారం ప్రార్థన అయ్యాక రోడ్డు మీద నిలబడే రెండు మాటలు పలకరించిపోయే రూతమ్మ, అంతే. నస్రీన్‌ది నందికొట్కూరు. ఉత్తరాదిన ఒక పెద్ద సంస్థలో శిలాజాల మీద పరిశోధన చేస్తోంది. సెలవులకు ఇంటికొచ్చి, నా చిరునామా కనుక్కుని, ఎండలో బస్సెక్కి వచ్చింది. నీళ్ళు తాగి, చెమట తుడుచుకుని, ల్యాప్‌టాప్ తెరిచి ఒక పాత వ్యాసం నా ముందు పెట్టింది. అది మా సారు రాసింది. నలభై ఏళ్ళ కింద అచ్చయింది. చివరి పేజీలో, బొమ్మలు గీసినందుకు నాకు కృతజ్ఞత చెబుతూ ఒకే ఒక్క వాక్యం ఉంటుంది. ఆ పేజీ వరకూ జరపకుండానే నాకు ఆ వాక్యం కనబడింది.

"బొమ్మలన్నీ మీరే గీసినారంట గదా మేడమ్? శానా బాగున్నాయి. చేత్తో ఇంత సన్నంగా ఎట్ల గీసినారో. ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఈ మూడింటి గురించి అడగాలనే వచ్చినా."

టీ పెడతానని చెప్పి వంటింట్లోకి వెళ్ళాను. నీళ్ళు మరిగి సగమయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.

మాది బేతంచెర్ల. మా నాన్న నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తిరిగే చక్రం కింద బండ, బండ మీద నీళ్ళు, ఆ నీళ్ళతో పాటు పాలలా కారే రాతిపొడి. సాయంత్రం నాన్న ఇంటికొస్తే ఆయన కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉండేవి. సెలవుల్లో నన్ను కూచోబెట్టుకుని, చదునైన రాయిని కంటితో కాదు, బొటనవేలితో కనిపెట్టాలని నేర్పాడు. కళ్ళు మూసుకుని వేలు జరిపితే కాగితం మందాన మిట్ట ఉన్నా తెలుస్తుంది. భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి ఉద్యోగం దొరక్క ఖాళీగా ఉన్న రోజుల్లో, నన్ను సారు దగ్గరికి చేర్చింది చదువు కన్నా ఆ వేలే అనుకుంటాను. సారు మాకు కాలేజీలో పాఠం చెప్పినవారు. అప్పటికే రిటైరై కడప దగ్గరి ఒక నేతపల్లెలో తన అక్క ఇంట్లో ఉంటున్నారు. "రాయి అరగదీయను, బొమ్మ గీయను ఒక మనిషి కావాల. నీకు రెండూ వచ్చు. వచ్చి మాతోనే ఉండు కృపా" అని కార్డు రాశారు. ఒక ట్రంకు పెట్టెతో దిగాను. తొమ్మిది నెలలు ఉన్నాను.

సారు పెళ్ళి చేసుకోలేదు. అక్క ఓబులమ్మ చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి. గుంటమగ్గం మీద చీరలు నేసి తమ్ముణ్ణి చదివించింది. నేను వెళ్ళేనాటికి అరవై దాటినా మగ్గం దిగలేదు. నేను వెళ్ళిన రోజు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఆదివారం యాడికన్నా పోతావామ్మా?" అని అడిగింది. చర్చికి పోతానని భయంభయంగా చెప్పాను. "పో. పోయిరా. నీకు సంగటి ఎత్తిపెడ్తా" అంది. అంతే, ఆ ఇంట్లో నా గురించి అడగాల్సింది అయిపోయింది.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నాకు గుర్తుంది. పడుగుకు పెట్టే గంజి వాసన, తడిరాయి వాసన, పొయ్యి మీద రాగిసంగటి వాసన కలిసి ఒక్కటే వాసనగా ఉండేవి. నడవాలో కుడిపక్క కిటికీ కింద ఓబులమ్మ మగ్గం. ఎడమపక్క కిటికీ కింద నా బల్ల. బల్ల మీద మందపాటి గాజుపలక, దాని మీద గరుకుపొడి, చెంబులో నీళ్ళు, పక్కన సారు సొంతడబ్బుతో కొన్న పాత సూక్ష్మదర్శిని. ఓబులమ్మ దాన్ని అద్దం అనేది. సారు పొద్దున్నే ఉప్పు, బొగ్గుపొడి కలిపి పళ్ళు తోముకుని, చిల్లుల బనీను మీదే తువ్వాలు కప్పుకుని కూచుని, ముందురోజు నేను గీసిన బొమ్మలు ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి చూసేవారు. మధ్యాహ్నం ముగ్గురం నేల మీద కూచుని సంగటి, ఊరిమిండి పచ్చడి తినేవాళ్ళం. సారు తక్కువ తినేవారు, తక్కువ మాట్లాడేవారు. ఓబులమ్మ మాత్రం రాళ్ళను తిడుతూ వడ్డించేది. "ఇంట్లో రోలుండాది, రాయుండాది, ఒక్కరన్నా పప్పు రుబ్బుతారా? పొద్దస్తమానం రాయి మీద రాయి రుబ్బుతాండారు!"

మేము రుబ్బుతున్నది మామూలు రాయి కాదు. సారు వయసులో ఉన్నప్పుడు కచ్ ఎడారిలో ఒక గుట్ట మీద ఏరుకొచ్చిన శిలాజ గవ్వలు. చూడ్డానికి రేగుపండంత ఉండి, ఒళ్ళంతా చీరకుచ్చిళ్ళలా మడతలతో ఉండేవి. వాటిని బ్రాకియోపాడ్లు అంటారు. ఆల్చిప్పకు కుడిపెంకు, ఎడమపెంకు ఉంటాయి. దీనికి అలా కాదు, కిందిది ఒకటి, పైది ఒకటి. కిందిది కాస్త పెద్దది, దాని కొస ముక్కులా వంగి ఉంటుంది. ఆ ముక్కులో చిన్న రంధ్రం. దాంట్లోంచి ఒక కాడ బయటికొచ్చి సముద్రం అడుగున బండను పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుందంటే బతికినన్నాళ్ళూ అక్కడే. పెంకు సన్నగా తెరిచి, వచ్చే నీళ్ళలో దొరికింది తిని, మళ్ళీ మూసుకుంటుంది. మన కర్నూలు, కడప రాళ్ళల్లో ఇవి దొరకవు. వేంపల్లె సున్నపురాళ్ళల్లో ఉల్లిగడ్డ కోసినట్టు పొరలుపొరలుగా కనబడేవి నాచు వంటి సూక్ష్మజీవులు కట్టినవి. "మన రాళ్ళు పెంకు జీవులు పుట్టకముందువమ్మా. వీటికి తోడు ఎవురూ లేరు" అనేవారు సారు. అందుకే అంత దూరం పోయి తెచ్చుకున్నారు.

ఈ గవ్వల్ని బయటి రూపం చూసి పోల్చుకోలేం. వేరువేరు తెగలవి కూడా పైకి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. వాటి అసలు గుర్తులు లోపల ఉంటాయి. పైపెంకును కిందిపెంకులో ఇరికించే చిన్న పళ్ళు, మెత్తటి చేతుల్ని మోసే రెండు సన్నని కొక్కేలు, పైపెంకు నడుమ లేచి ఆ కొక్కేల కింది పలకల్ని తాకే ఒక గోడ. ఆ గోడ ఉంటే ఒక తెగ, శాస్త్రం మాటలో ప్రజాతి, లేకుంటే మరో ప్రజాతి. కానీ లోపలంతా రాయితో నిండిపోయి ఉంటుంది కాబట్టి చూడ్డానికి ఒకే దారి. గవ్వను సున్నపుముద్దలో కూర్చి, ముక్కువైపు నుంచి కొద్దికొద్దిగా అరగదీయాలి. మిల్లీమీటరులో అయిదో వంతు అరిగాక ఆగాలి, కడగాలి, అద్దంలో చూడాలి, చూసింది గీయాలి. మళ్ళీ అరగదీయాలి. చివరికి గవ్వ ఉండదు, బొమ్మలే ఉంటాయి. సారు దగ్గర పదకొండు గవ్వలుంటే పది నలిగిపోయినవి. ఒక్కటే నిండుగా ఉంది. దాన్ని అరగదీయమని నా చేతికిచ్చిన రోజు ఆయన అన్నం తినలేదు.

ఇరవై బొమ్మల దాకా అంతా సవ్యంగా సాగింది. ఇరవై ఒకటో బొమ్మలో పైపెంకు నడుమ ఆవగింజ కన్నా చిన్న ఉబ్బు ఒకటి కనబడింది. ఆ రోజు మధ్యాహ్నం సారు ముద్ద చేతిలో పట్టుకుని తినడం మరిచిపోయి చెప్పారు. "అది గోడ మొదలమ్మా. రేపు లేస్తాది చూడు. లేచి రెండు పలకల్నీ తాకుతాది. తాకిందంటే ఈ తెగ మన దేశంలో దొరకడం ఇదే మొదలు." అంత పొడవు మాట ఆయన నోట నేను అంతకుముందు వినలేదు.

మరునాడు పొద్దున పోస్టులో అమ్మ ఉత్తరం వచ్చింది. నాన్న దగ్గు ముదిరిందని, ఇక ఫ్యాక్టరీకి పోవద్దని డాక్టరు చెప్పాడని, "నువ్వు రావద్దు. వస్తే మీ నాయన నీ సదువు చెడిందని ఇంకా కుంగుతాడు" అని రాయించింది. ఉత్తరం మడిచి రవికలో పెట్టుకుని బల్ల ముందు కూచున్నాను. గవ్వను గాజుపలక మీద పెట్టి తిప్పుతున్నాను. ఎన్నిసార్లు తిప్పాలో నాకు లెక్క ఉండేది. ఆ పూట లెక్క లేదు. నాన్న తెల్లటి కనురెప్పలే కళ్ళముందు ఉన్నాయి. ఆ ఇంట్లో నేను ఏడవడానికి ఒక మూల లేదు, ఏడిస్తే ఎందుకని అడిగేవాళ్ళకు చెప్పే ధైర్యమూ లేదు, అందుకని తిప్పుతూనే ఉన్నాను. బొటనవేలికి ఏదో తేడా తెలిసి ఆగి, కొలిచి చూస్తే, ఒక వంతు అరగాల్సింది నాలుగు వంతులు అరిగిపోయింది. కడిగి అద్దంలో చూశాను. పెంకు నడుమ నున్నగా ఉంది. ఉబ్బూ లేదు, గోడా లేదు. మధ్యలో లేచి పడిపోయిందో, అసలు లేవనే లేదో చెప్పే రాయి చెంబు పక్కన బురదగా ఉంది.

సారు ఆ పూట పోస్టాఫీసు పని మీద కడప వెళ్ళారు. నేను మూడు కాగితాలు తీసుకుని, చూడకుండా అరిగిపోయిన మూడు పొరలకు మూడు బొమ్మలు గీశాను. ఒకదాంట్లో ఉబ్బు గోడగా లేచింది. రెండోదాంట్లో పలకల్ని తాకింది. మూడోదాంట్లో విడిపోయి దిగింది. సారు ముందురోజు చెప్పింది చెప్పినట్టు గీశాను. నా చేత్తో గీసిన బొమ్మలన్నిటిలోకీ అవే అందమైనవి. సాయంత్రం సారు వాటిని కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత నేలమీద కూచుండిపోయారు. "అక్కా, గోడ ఉండాదే!" అని మగ్గం వైపు తిరిగి చిన్నపిల్లాడిలా అరిచారు. ఆ పూట ఇంకో ముద్ద వేయించుకుని తిన్నారు. ఓబులమ్మ ఆయన ముఖం చూసి నవ్వింది. తర్వాత నా ముఖం చూసింది, నవ్వు ఆపింది.

రెండు రోజులాగి, సారు నిద్రలేవక ముందు, నేను బావి దగ్గర నీళ్ళు చేదుతుంటే ఆమె వచ్చి పక్కన నిలబడింది.

"ఆ మూడు బొమ్మలూ నువ్వు అద్దంలో చూసి గీయల్యా కృపమ్మా."

నేను చేద మళ్ళీ బావిలోకి వదిలాను.

"రోజూ ఒక బొమ్మకు యాభైసార్లు అద్దంలోకి వొంగుతావు. ఆ పొద్దు మూడు బొమ్మలు గీసినావు, గీసేటప్పుడు ఒక్కసారి గూడా వొంగల్యా. నేను మగ్గంలో కూచోని చూస్తానే ఉండా."

"నాన్నకు బాగలేదని ఉత్తరం వచ్చిందమ్మా" అన్నాను. అప్పుడు ఏడుపు వచ్చింది. ఆమె నా చేతిలో చేద తాడు తీసుకుంది. నేను ఏడ్చినంతసేపు తానే నీళ్ళు తోడి బిందెలు నింపింది.

"ఏడ్చు. నాయన కోసరం ఏడ్చు, తప్పు లేదు. కానీ మా తమ్మునికి చెప్పు. పోగు తెగితే నేను మగ్గం ఆపి ముడేస్తా. తెగింది తెలిసీ నేసేస్తే ఆ చీర నాది గాదు. వాడు ఆ బొమ్మలు పట్టుకోని పేరు పెడతానంటాండాడు. నేను చెప్పను. నువ్వే చెప్పాల."

చెబుతానన్నాను. ఆ రోజు చెప్పలేదు. మరునాడు సారు వ్యాసం రాయడం మొదలుపెట్టారు, ఆయన పాట పాడుకోవడం నేను మొదటిసారి విన్నాను. ఆ రోజూ చెప్పలేదు. వారం గడిచాక చెప్పాల్సిన తప్పులు రెండయ్యాయి, గీసింది ఒకటి, దాచింది ఒకటి. నెలకు లెక్కే లేదు. ఓబులమ్మ మళ్ళీ అడగలేదు. సంగటి అదే కొలతలో పెట్టేది, ఆదివారం ఎత్తిపెట్టేది. కానీ అంతకుముందు సాయంకాలాల్లో "రామ్మా, ఈడ కూచో" అని మగ్గం గట్టు చూపించి, తన పెళ్ళినాటి సంగతులు, వానలు రాని ఏళ్ళ సంగతులు చెప్పేది. ఆ పిలుపు ఆగిపోయింది. నేను నా బల్ల దగ్గర, ఆమె తన మగ్గం దగ్గర. మధ్యలో ఎనిమిది అడుగుల నేల. నాకు తెలిసిన ఒంటరితనాలన్నిటిలో అదే పెద్దది. తర్వాత నేను ఒంటరిగా బతికిన ఇళ్ళల్లో ఎవరూ లేరు కాబట్టి అంత కష్టం కాలేదు.

వ్యాసం అచ్చయి వచ్చింది. సారు కొత్త జాతికి అక్క పేరు పెట్టారు. శాస్త్రంలో ఏ జీవికైనా రెండు మాటల పేరు ఉంటుంది. మన పద్ధతిలాగే ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ప్రజాతి ఇంటిపేరు, జాతి అసలు పేరు. ఆడవాళ్ళ పేరు పెడితే లాటిన్ పద్ధతిలో చివర ఒక అక్షరం చేరుతుంది, దాంతో అది 'ఓబులమ్మే' అయింది. ఎవరో అడిగితే, అవును, ఓబులమ్మే, అని జవాబు చెప్పినట్టు ఉంటుంది. సారు అది చదివి వినిపించి అక్క ఏమంటుందోనని చూశారు.

"రాయికి నా పేరేందిరా" అందామె. "పెట్టుకోను మనుషులెవురూ లేరనా?" అని నవ్వబోయింది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. తన పేరు ఎలాంటిదాని మీద పడిందో ఆ ఇంట్లో తనకూ నాకూ మాత్రమే తెలుసునన్న సంగతి ఉంది అందులో. ఆమె లేచి మగ్గంలోకి దిగింది. నేను ఆ నెలాఖరుకు లెక్చరరు ఉద్యోగం దొరికి కర్నూలు వచ్చేశాను.

నాలుగేళ్ళకు సారు పోయారు. కబురు అంది నేను వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. ఓబులమ్మ నడవాలో ఒక్కతే కూచుని ఉంది. చూపు తగ్గి మగ్గం ఆపేసింది. నా చెయ్యి తడిమి చూసి బొటనవేలి కాయ పట్టి గుర్తుపట్టింది. "వానికి చెప్పినావా?" అని అడిగింది. "లేదమ్మా" అన్నాను. ఆమె నా బొటనవేలిని తడుముతూ ఉండిపోయింది. చివరికి, "వాడు సంతోషంగా పోయినాడులే" అంది. అది నన్ను క్షమించడమో, శిక్షించడమో నాకు ఈనాటికీ తేలలేదు. ఆమె పోయిన సంగతి మాత్రం ఏడాది తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

టీ తీసుకుని ముందుగదిలోకి వచ్చేసరికి నస్రీన్ తెరమీద ఒక గవ్వను తిప్పుతోంది. అదే గుట్ట మీద తాను ఏరినదట. ఆసుపత్రిలో తలకు తీసినట్టు గవ్వకు స్కాన్ తీశారు. వేలితో జరిపితే పెంకు మాయమై లోపలి పళ్ళు, కొక్కేలు గాలిలో తేలుతున్నట్టు కనబడుతున్నాయి. గవ్వ మాత్రం ఆమె సంచీలో దూదిలో భద్రంగా ఉంది. ఎవరైనా, ఎప్పుడైనా, మళ్ళీ చూసుకోవచ్చు. మా రోజుల్లో గవ్వ పోయేది, గీసినవాళ్ళ మాట మిగిలేది. నా అబద్ధం ఇన్నేళ్ళు బతికింది అందుకే.

"మూడు గవ్వలు చూసినా మేడమ్. మడతలు, ముక్కు, పళ్ళు అన్నీ మీ సారు చెప్పినట్టే ఉండాయి. గోడ మాత్రం లేదు. చిన్న ఉబ్బు వచ్చి అట్లనే పోతాది. అంటే నాది వేరే జాతి అయ్యుండాల. కొత్త పేరు పెట్టి రాద్దామని మా గైడ్ అంటాండారు. దానికి ముందు మీ బొమ్మల గురించి ఒక మాట అడిగి పోదామని."

అంటే, నేను ఊరుకుంటే, ఎన్నడూ బతకని ఒక జీవి పుస్తకాల్లో శాశ్వతంగా ఉండిపోతుంది. బతికినదానికి ఇంకెవరిదో పేరు పడుతుంది. గోడ లేని ఈ గవ్వే అసలు ఓబులమ్మ.

"నీది వేరే జాతి కాదు నస్రీన్" అన్నాను. "ఆ మూడు బొమ్మలు నేను చూడకుండా గీశాను."

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. నేను ఉత్తరం దగ్గర్నుంచి నడవాలోని ఎనిమిది అడుగుల దాకా చెప్పాను. నలభై ఏళ్ళు మోసిన మాట చెప్పడానికి పావుగంట కూడా పట్టలేదు. ఆ పిల్ల నన్ను ఓదార్చలేదు, నిందించలేదు. తెరమీద తిరుగుతున్న గవ్వను ఆపి, "మీ సారుకు తెల్దు గదా?" అంది.

"తెలీదు."

"ఇది రాసిచ్చి సంతకం పెడతారా మేడమ్? లేకుంటే ఎవురూ నమ్మరు."

రాసిచ్చాను. ఒకే పేజీ. అప్పుడు తర్వాత ఏం జరుగుతుందో ఆమె వివరంగా చెప్పింది. గోడ లేదు కాబట్టి ప్రజాతి మారుతుంది, ఓబులమ్మ పేరు మాత్రం నియమం ప్రకారం అలాగే ఉంటుంది. ఇంటిపేరు మారినప్పుడు మొదట పేరు పెట్టినవారిని బ్రాకెట్లలో రాస్తారు. "అది శిక్ష గాదు మేడమ్, పద్ధతి అంతే" అని రెండుసార్లు చెప్పింది. నేను తలూపాను. మన దేశంలో దొరకడం ఇదే మొదలన్న సారు మాట కూడా దాంతో పోతుందని ఆమె చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు. ఆమె గడప దాటాక వెనక్కి తిరిగి, "ఆ ఓబులమ్మవ్వ ఫోటో ఏమన్నా ఉండాదా?" అని అడిగింది. లేదు. ఎవరూ తీయలేదు.

వానలు మొదలయ్యాక ఆమె వ్యాసం నా ఫోనుకు వచ్చింది. ఈసారి నా పేరు కృతజ్ఞతల్లో లేదు. వ్యాసం నడుమ, ఫలానా మూడు బొమ్మలు రాతిని చూసి గీసినవి కావని గీసినవారే రాతపూర్వకంగా తెలిపారని చెప్పే వాక్యంలో ఉంది. దాన్ని రెండుసార్లు చదివాను. తర్వాత పై పేజీకి వెళ్ళాను. కొత్త ఇంటిపేరు, పక్కన ఓబులమ్మే, ఆ పక్కన బ్రాకెట్లలో సారు పేరు. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి పైకే చదివాను. కొత్త ఇంటిపేరు నాలుగైదుసార్లు చదివితే గానీ నోటికి పట్టలేదు.